దాలయ్య కోసిన మర

ఆమదాలవలస స్టేషను రోడ్డులో జగన్నాధం మోటారు షెడ్డులో దాలయ్య పన్నెండేళ్లు పనిచేశాడు. ఆ పన్నెండేళ్లలో అతన్ని మేస్త్రీ అని ఒక్క నోరూ పిలవలేదు. పని పడితే ‘దాలయ్యా’ అనేవారు, పని అయిపోయాక ‘ఆ చేపలోడు’ అనేవారు. అతని తరవాత వచ్చి, అతని దగ్గరే స్పానరు పట్టుకోవడం నేర్చుకున్నవాళ్లు మేస్త్రీలై బొబ్బిలిలో ఒకడు, చీపురుపల్లిలో ఒకడు సొంత షెడ్లు పెట్టుకున్నారు. దాలయ్యకి ఇంకా టైము రాలేదని జగన్నాధం అంటూండేవాడు. టైము దానంతటది నడిచొస్తుందా, ఇవ్వాల్సినవాడు ఇవ్వాలి గాని. ఆ సంగతి జగన్నాధానికి తెలీక కాదు.

దాలయ్యది కళింగపట్నం. తండ్రీ తాతా సముద్రం మీద వేటకి వెళ్లి బతికినవాళ్లే. సర్కారువారు ప్రయోగానికని ఒక ఇంజను పడవని ఆ ఒడ్డుకి పంపితే, దాంతో వచ్చిన మెకానిక్కు నెల తిరక్కుండానే ఉప్పుగాలి పడక వెళ్లిపోయాడు. ఇంజను మిగిలింది. ఊళ్లో మగవాళ్లంతా దాని చుట్టూ చేరి కాసేపు వేళాకోళాలాడి ఎవరి దారిన వాళ్లు పోయారు. దాలయ్య మాత్రం దాని పక్కనే కూర్చుని ఒక్కొక్క బోల్టూ విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు. మూడోనాటికి అది పనిచేసింది. అతని చదువూ అదే, పరీక్షా అదే. కొన్నాళ్లకి సర్కారువారు ఆ పడవని పట్టుకుపోయారు గాని, ఇంజను రుచి మరిగిన చెయ్యి మళ్లీ వల పట్టనంది. పెళ్లాం బుల్లమ్మని వెంటబెట్టుకుని ఆమదాలవలస వచ్చేశాడు. ఆమె ఎండుచేపలు అమ్మేది.

షెడ్డులో అందరూ చేసే పనులన్నీ అతనూ చేసేవాడు. కాని ఒక పని మాత్రం అతనే చెయ్యాలి. బోల్టు తిరుగుతూ లోపలికి దిగడానికి బెజ్జం గోడకి సన్నని చుట్లు కోసి ఉంటాయి కదా, దాన్నే మర అంటారు. బలం ఎక్కువై బుద్ధి తక్కువైనవాడు స్పానరు పట్టాడంటే ఆ మర కాస్తా తెగి రజనుగా రాలిపోతుంది. ఆ పైన బోల్టు ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, బిగియదు. ఇంజను బ్లాకులో, అంటే ఇంజనుకి ఒళ్లంతటి పోత ఇనుము దిమ్మలో, మర పోయిందంటే మద్రాసు నుంచి కొత్త బ్లాకైనా రావాలి, లేకపోతే దాలయ్యైనా రావాలి.

పాడైన బెజ్జాన్ని అతను కాస్త పెద్దది చేసి, దానికి కొత్త మర కోసి, అందులో ఉక్కు బుష్షు, అంటే పొట్టి గొట్టంలాంటి ముక్క, ఒకటి తిప్పి గట్టిగా కూర్చోబెట్టేవాడు. ఆ బుష్షు లోపల మళ్లీ అసలు బోల్టుకి సరిపడే మర కోసేవాడు. కోసే పనిముట్టుని ట్యాపు అంటారు. దాన్ని అర చుట్టు ముందుకీ పావు చుట్టు వెనక్కీ, కళ్లు మూసుకుని, చేతికి తెలిసిన లెక్కన తిప్పేవాడు. రవ్వంత ఒరిగినా పని చెడినట్టే. పోత ఇనుము పొడిగానే తెగుతుంది గాని ఉక్కుకి నూనె కావాలి. మిగతావాళ్లు ఇంజనాయిలు వాడేవారు. దాలయ్య సొరచేప నూనె వాడేవాడు. సరుకు కోసం కళింగపట్నం వెళ్లినప్పుడల్లా బుల్లమ్మ ఒక సీసా తెచ్చి ఇచ్చేది. ఆ నూనెతో కోసిన మర నున్నగా మెరిసేది, అందులో కూర్చున్న బోల్టుకి ఇసుమంత కదలిక ఉండేది కాదు. ‘ఊదితే గాలి కూడా దూరదు’ అని జగన్నాధం వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ చెయ్యి తనదే అయినట్టు చెప్పుకునేవాడనుకోండి.

అరవై ఎనిమిదిలో వానలు వెనకబట్టాక నరసింగరావు కారు మూలపడింది. ఆమదాలవలసకి రెండు కోసుల దూరంలో ఆయన ఊరు. పొలాలూ, బియ్యం మిల్లూ ఉన్న ఆసామీ. దేశం వదిలిపోతున్న ఒక జూటు మిల్లు దొర దగ్గర కొన్న నల్ల కారది. ఆయనకి ఆ కారంటే ప్రాణం, ఆయన తల్లి లక్ష్మణమ్మకి మడీ ఆచారం అంటే ప్రాణం. డ్రైవరు అప్పలసూరి ఆ ఇంటికి దూరపు చుట్టం, నరసింగరావుని బావా అని పిలుస్తాడు. ఇంజను పైభాగం, అంటే హెడ్డు, దగ్గర నీరు కారుతోందని అతను స్పానరుకి బారెడు ఇనప గొట్టం తొడిగి బోల్టులన్నీ బలంకొద్దీ బిగించాడు. ఒక బోల్టు దగ్గర మర తెగిపోయింది.

జగన్నాధం దాలయ్యని పక్కకి పిలిచాడు.

“నాకు సూపు తగ్గిపోతన్నాది. షెడ్డు ఎవులికో ఒకలికి అప్పజెప్పాల. నరసింగరావు గోరి పని నెగ్గించుకొచ్చీసినావంటే మేస్త్రీవి నువ్వే. మాట.”

దాలయ్య ఆ మాట పట్టుకునే వెళ్లాడు. పొద్దున్న ఇంట్లో చెబితే బుల్లమ్మ కాసేపు అతని మొహంలోకి చూసి, “అయితే నిన్ను మేస్త్రిగోరూ అంతారన్నమాట. నానూ అలగే పిలవాలేటి మావా?” అంది. అతనికి నవ్వొచ్చింది. ఆ మధ్యాహ్నం బస్సుకి ఆమె కళింగపట్నం వైపు సరుకు కోసం వెళ్లిపోయింది.

నరసింగరావు ఇంటి పక్క కారు పాకలో దాలయ్య రెండు రోజులు పనిచేశాడు. హెడ్డు దించి, బ్లాకుని కదల్చకుండా కారులో ఉండగానే బెజ్జం పెద్దది చేశాడు, మర కోశాడు, బుష్షు వేశాడు. రెండో రోజు సాయంత్రానికి బుష్షు లోపలి మర కోస్తూండగా లక్ష్మణమ్మ అటుగా వచ్చి ఆగింది. పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“ఏటిరా ఆ కంపు?”

“సొర నూనమ్మా. ఉక్కు మెత్తగా తెగుతాది.”

“సొర నూనే? మా బండిలోనేటిరా? ఆదివారం ఈ బండెక్కి నాను అరసవిల్లి గుడికి ఎల్తాను.”

“తుడిసీస్తానమ్మగోరూ. పనయ్యేక వోసన కూడా ఉండదు.”

ఆవిడ ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. ఏదో ఒకటి అనేసినా బాగుండేది. దాలయ్య మర పూర్తిచేశాడు. బోల్టు వేళ్లతో తిప్పి చూశాడు. చివరిదాకా ఒకే ఒరవడిలో దిగింది. అంత మంచి మర తనే ఎప్పుడూ కొయ్యలేదనిపించింది. మేస్త్రీ అన్న మాట చెవిలో మోగుతోంది మరి. బోల్టు తీసి, బెజ్జాలన్నీ ఊది, తుడిచి, దుమ్ము పడకుండా గుడ్డపీలికలు కూరాడు. ఆ బెజ్జాలకి అడుగు ఉంటుంది, అవతలికి దారి ఉండదు. లోపల ఏది పడినా అక్కడే ఉండిపోతుంది. రేపు తను వచ్చి హెడ్డు ఎక్కిస్తాననీ, అందాకా ఎవరూ ముట్టుకోవద్దనీ అప్పలసూరికి ఒకటికి రెండుసార్లు చెప్పి నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

తెల్లవారి లక్ష్మణమ్మ తలస్నానం చేసి, ఇత్తడి చెంబుతో పసుపు నీళ్లు కలుపుకుని కారు పాకలోకి వచ్చింది. సొర నూనె అంటిన పీలికల్ని పుల్లతో లాగి పారేయించింది. లోపలెక్కడా నీచు మిగిలిపోకూడదని ఒక్కొక్క బెజ్జంలోనూ పసుపు నీళ్లు నిండా పోసింది. ఆవిడ శ్రద్ధగా చేసింది, ఒక్కటి కూడా వదల్లేదు. అప్పలసూరి పొడిగుడ్డ పెట్టి పైపైన తుడిచేశాడు. చూడ్డానికి బ్లాకు ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉంది.

దాలయ్య వచ్చేసరికి గుమ్మంలోనే ఆపేశారు.

“శుద్ధి అయిపోయింది. నువ్వింక ముట్టుకోకు. నాను బిగించీస్తాను,” అన్నాడు అప్పలసూరి.

“అలగే సూరిబావూ. బెజ్జాల్లో పీలికలు తీసీసేరా?”

“తీసీసేం.”

“లోపల సుబ్బరంగా ఉన్నాదా?”

“తుడిసీసేం అన్నాను కాదేటిరా. నాకు నేర్పుతావేటి?”

అప్పలసూరి అబద్ధమాడలేదు. తీయడమూ తీశాడు, తుడవడమూ తుడిచాడు. పసుపు నీళ్లు అశుభ్రం కాదు గనక జవాబులో వాటి మాట చెప్పాలని అతనికి తోచలేదు. బెజ్జంలో నీళ్లుంటే ఏమవుతుందో తెలిసినవాడు గుమ్మం బయట నిలబడ్డాడు, తెలియనివాడు లోపల స్పానరు పట్టుకున్నాడు. మనవాళ్లు మనుషుల్ని నిలబెట్టే చోట్లు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి.

హెడ్డు ఎక్కించారు. బోల్టులు ఒకదాని తరవాత ఒకటి దిగాయి. మిగతా బోల్టుల మర పాతది, అరిగినది. దిగుతున్న బోల్టు పక్కనుంచి నీరు సందు చూసుకుని పైకి వచ్చేసి హెడ్డు కిందే ఎక్కడో ఇంకిపోయింది. దాలయ్య మర దగ్గర సందు లేదు. బోల్టు సగంలోనే బరువెక్కింది.

“బావూ, ఆగండి. అది ఇంకా కిందకి దిగాల. అంత ఏగిరం బరువెక్కకూడదు. ఒకపాలి ఇప్పి సూడండి,” అన్నాడు దాలయ్య గుమ్మంలోంచి.

అప్పలసూరి అతని వైపు చూడనైనా చూడలేదు. మూలనున్న ఇనప గొట్టం తెచ్చి స్పానరుకి తొడిగాడు. దాలయ్య కాలు గుమ్మం లోపలికి పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు. ఆ కాలు ఎందుకు వెనక్కి తీసుకున్నానా అని తరవాత అతను చాలాకాలం బాధపడ్డాడు. అంతలో వేరుశనగ కాయ చిదిపినంత చప్పుడైంది. అంతే, పెద్ద చప్పుడు కూడా కాదు. బ్లాకు పక్కన జానెడు పొడుగున పగులు పట్టింది. అందులోంచి సన్నగా పచ్చటి నీరు కారింది.

నరసింగరావు పరిగెత్తుకొచ్చాడు. వెనకే లక్ష్మణమ్మ వచ్చింది.

“ఆడేసిన బుష్షు కాడే పగిలింది బావా,” అన్నాడు అప్పలసూరి.

దాలయ్య ఆ నీటి వైపు వేలు చూపించాడు. “పసుపు నీళ్లు బావూ. బెజ్జంలో నీళ్లుండిపోనాయి. బోల్టు దిగితే నీరు ఎటెల్తాది? అది నలగదు, ఒదగదు. ఇనుమే పగులుతాది.”

“నీళ్లకి ఇనుము పగులుతాదేటిరా?” అన్నాడు నరసింగరావు. పాకలో ఉన్నవాళ్లు నవ్వారు.

లక్ష్మణమ్మ నవ్వలేదు. “అంటే నా శుద్ధి వల్ల పగిలిందంతావా?” అంది నెమ్మదిగా.

ఆ ప్రశ్నకి దాలయ్య లాంటివాడు ఏం జవాబు చెబుతాడు. అతను మాట్లాడకపోవడమే తప్పు ఒప్పుకున్నట్టయింది. అసలు సంగతి ఇంకా చేదుగా ఉంది. అతను మర వంకరగానో వదులుగానో కోసి ఉంటే నీరు పక్కనుంచి పైకొచ్చేసి బండి క్షేమంగా ఉండేది. పని చెడగొట్టినవాడు బతికి బట్టకట్టేవాడు. జన్మలోకెల్లా మంచి మర కోసినందుకు దాలయ్య మునిగిపోయాడు.

షెడ్డుకి రావద్దని జగన్నాధం ఆ పూటే కబురంపాడు. స్టేషను రోడ్డంతా చేపలోడు నరసింగరావు గారి ఇంజను పగలగొట్టాడని చెప్పుకున్నారు. నాలుగు రోజులు ఇంట్లో ఒక్కడూ కూర్చుని, ఐదోనాడు రావద్దన్న షెడ్డుకే వెళ్లాడు దాలయ్య. వెనకవైపు పారేసి ఉన్న పాత బ్లాకు ఒకటి తీసి, దానికి అచ్చంగా ఆ కారుకి చేసినట్టే బెజ్జం చేసి, బుష్షు వేసి, మర కోశాడు. పొమ్మన్నా పోలేదు. చివరికి జగన్నాధమే విసిగిపోయి నరసింగరావుకి కబురు పెట్టాడు.

నరసింగరావు వచ్చాడు. ఆయన చెడ్డమనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. దాలయ్య ముంతతో బెజ్జంలో నీళ్లు పోసి, బోల్టు పెట్టి, స్పానరు ఆయన చేతికే ఇచ్చాడు.

“తమరే బిగించండి బావూ. గొట్టం అక్కర్నేదు.”

నరసింగరావు తిప్పాడు. బోల్టు సగంలో బరువెక్కింది. ఇంకాస్త బలం పెట్టాడు. బ్లాకు పగిలింది. ఆయన స్పానరు కింద పెట్టి, పగులు మీద కారుతున్న నీటిని వేలితో తుడిచి చూసుకున్నాడు. ఇంక అయిపోయింది, నా పేరు నాకు తిరిగొచ్చేసింది అనుకున్నాడు దాలయ్య.

“నువ్వు చెప్పిందే నిజం దాలయ్యా,” అన్నాడు నరసింగరావు. “నీ తప్పు లేదు.”

“అదే మాట అందరి కాడా సెప్పండి బావూ. అది సాలు నాకు.”

“ఎలా చెప్పనురా. మా అమ్మ చేతి శుద్ధి వల్ల బండి పోయిందని ఆవిడకి తెలిస్తే అన్నం ముట్టదు. డెబ్బయ్యేళ్ల మనిషి.” ఆయన గొంతు తగ్గించాడు. “నువ్వే ఒకసారి ఇంటికొచ్చి నా చెయ్యి తప్పిందని ఆవిడతో అనెయ్యి. షెడ్డు సంగతి జగన్నాధంతో నేను చెబుతాను. మేస్త్రీవి నువ్వే అవుతావు.”

“నాను తప్పు సెయ్యనేదు కదా బావూ.”

“లేదు. నాకు తెలుసుగా. అది చాలదా?”

జగన్నాధం తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు, అతని షెడ్డుకి వచ్చే లారీల్లో సగం నరసింగరావు మిల్లువే.

చాలదని చెప్పి చక్కా వచ్చేయవలసిందని మనం ఇక్కడ కూర్చుని అనడం తేలిక. దాలయ్య పన్నెండేళ్లు ఎదురుచూశాడు. ఒప్పుకోకపోతే తప్పూ మిగులుతుంది, పనీ పోతుంది. ఒప్పుకుంటే తప్పు మిగిలినా పని దక్కుతుంది. నిజం తెలిసినవాళ్లు ఇద్దరున్నారు కదా అని కూడా అనుకున్నాడు పిచ్చివాడు. నాకు మాత్రం ఆ ఇద్దరి మీదే కోపం.

మర్నాడు పొద్దున్న, పాలేర్లూ కూలీలూ పనిలోకి దిగే వేళకి, నరసింగరావు ఇంటి వాకిట్లో దాలయ్య నిలబడ్డాడు. అరుగు మీద లక్ష్మణమ్మ కూర్చుంది.

“నా సెయ్యి తప్పిందమ్మగోరూ. మర వంకరగా కోసీసేను. తమ శుద్ధిని అన్నందుకు లెంపలేసుకుంతాను,” అన్నాడు. అన్నట్టే రెండు చెంపలూ వేసుకున్నాడు.

“నాకు తెలుసురా,” అంది ఆవిడ మెత్తగానే. “సముద్రం ఉండగా మీకీ ఇనుము పని ఎందుకు చెప్పు. పోనీలే. పొట్ట చేతపట్టుకొచ్చావు.” ఎవరిచేతో రెండు అరటిపళ్లు తెప్పించి, ఆకులో పెట్టి మెట్టు మీద ఉంచింది. ఆవిడ క్షమించింది. దాలయ్య వంగి ఆ పళ్లు తీసుకున్నాడు.

జగన్నాధం మాట తప్పలేదు. ఆ వారంలోనే దాలయ్యని మేస్త్రీ అన్నారు. కాని మర పోయిన ఇంజను ఆ తరవాత ఒక్కటి కూడా అతని దగ్గరికి రాలేదు. పదిమంది ఎదుట వంకరగా కోశానని లెంపలేసుకున్నవాడి చేతిలో ఇంజను ఎవరు పెడతారు. పంక్చర్లూ, గ్రీజు పనీ, బ్రేకులూ వచ్చేవి. మర పని విజయనగరం పోయేది. ట్యాపులు పెట్టెలో ఉండిపోయాయి. మేస్త్రిగారూ అని పిలిచినప్పుడల్లా ఎవరినో పిలిచినట్టు అతను ఒక క్షణం ఆగి పలికేవాడు.

పది రోజుల తరవాత బుల్లమ్మ కళింగపట్నం నుంచి వచ్చేసరికి లెంపలేసుకోవడం దాకా అంతా అయిపోయింది. సంతలో అందరూ చెప్పగా విన్నదే ఆమెకి తెలుసు. దాలయ్యని ఏమీ అడగలేదు. అతనికీ సిగ్గేసి చెప్పలేదు. చెయ్యని తప్పుకి లెంపలేసుకున్నానని పెళ్లాంతో ఎలా చెబుతాడు. అలా రెండు నెలలు గడిచాయి. ఒకనాడు హెడ్డు బోల్టు మర పోయిన లారీ ఒకటి, షెడ్డు ముందు నుంచే, అతని కళ్లెదుటే, ఇంకో లారీ వెనక తాడు కట్టించుకుని విజయనగరం వైపు వెళ్లింది. దాలయ్య చేస్తున్న పని ఆపి తిన్నగా ఇంటికొచ్చాడు. బుల్లమ్మ వాకిట్లో ఎండుచేపలు ఏరుతోంది. ఎదురుగా చతికిలబడి మొదటి నుంచీ చెప్పాడు. శుద్ధి, పసుపు నీళ్లు, పగులు, షెడ్డులో రెండో బ్లాకు, నరసింగరావు అడిగిన మాట, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె చేపలు ఏరుతూనే విన్నది.

“నాను తప్పు సెయ్యనేదే బుల్లీ,” అన్నాడు చివరికి.

“ఊరుకో మావా. ఎందుకిప్పుడు తవ్వుకుంతావు. అమ్మగోరి ముందర నువ్వే ఒప్పుకున్నావంట కాదా.”

“అబద్ధం ఒప్పుకున్నాను.”

బుల్లమ్మ చేతిలో చేప తట్టలో పడేసి అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

“నువ్వు అబద్ధం ఆడీ మడిసివి కాదు మావా. ఇన్నేళ్ల నుంచి నాకు తెలీదేటి? సెయ్యన్నాక ఒకపాలి తప్పుతాది. దాన్ని ఇంకొకలి మీద ఎట్టకు. పసుపు నీళ్లని తప్పుపడితే పాపం తగులుతాది.”

“రేపు షెడ్డుకి రాయే. కళ్లారా సూపిస్తాను.”

“ఇంకో ఇంజను పగలగొడతావేటి?” అని బుల్లమ్మ మళ్లీ చేపలు ఏరడంలో పడింది. ప్రేమతోనే అంది ఆ మాట. దాలయ్య లేచి పనిలోకి వెళ్లిపోయాడు.